ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే ఏం చేయాలి

ఐదేళ్లు వాడిన నా బ్రష్ ఒకరోజు పొద్దున్నే, నోట్లో నురగ ఉండగానే ఆగిపోయింది. రాత్రంతా ఛార్జింగ్ స్టాండు మీద పెట్టినా లైటు వెలగలేదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేశాను. పాతది పారేసే ముందు ఊరుకోలేక అడుగున ఉన్న మూత ఊడదీశాను. లోపలి సెల్‌కు మల్టీమీటర్ పెడితే 1.2 వోల్టులు చూపించింది. నిక్షేపంలా ఉంది! పోయింది సెల్ కాదు, దాన్ని సర్క్యూట్ బోర్డుకు కలిపే చిన్న రేకు. చుట్టూ పచ్చగా చిలుము పట్టి, గోటితో తాకగానే పుటుక్కున ఊడొచ్చింది. పేస్టు నీళ్లు పైనుంచి ఎన్నాళ్లుగా లోపలికి దిగుతున్నాయో ఏమో.

అందుకే ఎవరైనా "బ్రష్‌ను రోజూ ఛార్జింగ్‌లో పెట్టొచ్చా, పాడవదా?" అని అడిగితే ముందు ఆ రేకు సంగతే చెబుతాను. ఛార్జింగ్ వల్ల ఈ బ్యాటరీకి జరిగే నష్టం మనం భయపడేంత ఉండదు. వేడి, తడి, పూర్తిగా ఖాళీ అయిపోయి నెలల తరబడి పడి ఉండటం, ఈ మూడూ దాన్ని ఎక్కువగా తినేస్తాయి. కింద చెప్పే పనులన్నీ వీటి బారిన పడకుండా చూసుకోవడానికే.

1. ముందు లోపల ఏ బ్యాటరీ ఉందో తెలుసుకోండి

బ్రష్‌ను తిరగేయండి. స్టాండు పుల్ల దూరే గుంట చుట్టూ, లేదా హ్యాండిల్ వెనకాల, చీమ తలకాయలంత అక్షరాలు ఉంటాయి. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే గానీ చదవలేం. లిథియం అయానో (Li-ion), నికెల్ మెటల్ హైడ్రైడో (Ni-MH) పొడి అక్షరాల్లో అక్కడ రాసి ఉంటుంది. అక్కడ లేకపోతే మాన్యువల్‌లో వెతకండి, ముఖ్యంగా పాత బ్రష్‌ను ఎలా పారేయాలో చెప్పే చివరి పేజీల్లో.

ఛార్జ్ అవడానికి పట్టే సమయాన్ని బట్టి మాత్రం ఊహించొద్దు. లిథియం అనగానే గంటలో నిండిపోవాలని చాలామంది అనుకుంటారు. స్టాండు నుంచి వచ్చే కరెంటు తక్కువ కాబట్టి లిథియం బ్రష్‌ల్లోనూ 24 గంటలు పట్టేవి ఉన్నాయి, 3 గంటల్లో నిండేవీ ఉన్నాయి.

రకం తెలుసుకోమనడానికి కారణం ఉంది. "పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి" అనే మాట మీరూ వినే ఉంటారు. అది ఇప్పటి బ్యాటరీల కోసం పుట్టిన మాట కాదు. మొదటి ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ 1954లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన బ్రాక్సోడెంట్. దానికి బ్యాటరీయే లేదు, వైరు నేరుగా గోడ సాకెట్‌కు పెట్టుకోవాల్సిందే. తడి చేతులతో దాన్ని ఎలా వాడారో తలుచుకుంటేనే నాకు భయం. వైరు లేని బ్రష్‌ను 1961లో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చింది, నికెల్ కాడ్మియం బ్యాటరీతో. సగంలో ఛార్జ్ చేస్తూ పోతే ఆ సగమే తన సామర్థ్యం అన్నట్టు ప్రవర్తించే గుణం ఈ రకానికి ఉందంటారు. దాన్నే మెమరీ ఎఫెక్ట్ అనేవారు. నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో ఆ గుణం చాలా స్వల్పం. లిథియంలో దానికోసం బెంగపడే పనే లేదు. బ్యాటరీలు మారాయి, సలహా మాత్రం నోటి నుంచి నోటికి అలాగే తిరుగుతోంది.

మామూలు పెన్సిల్ సెల్స్ వేసుకునే బ్రష్ అయితే మీకు ఈ గొడవలో సగం లేదు. పాత సెల్, కొత్త సెల్ కలిపి వేయకండి. నెల రోజులు వాడకపోతే సెల్స్ తీసేయండి. ఆల్కలైన్ సెల్స్ కారితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి.

2. ఒకసారి లెక్క వేసుకోండి

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారికి 2 నిమిషాలు. అంటే రోజుకు 4 నిమిషాలు, రెండు వారాలకు 56 నిమిషాలు. లిథియం బ్రష్‌లు చాలావరకు ఒక ఫుల్ ఛార్జ్‌తో రెండు వారాలు నడుస్తాయి. ఆ లెక్కన ఏడాదికి 26 ఫుల్ ఛార్జ్‌లు.

మామూలు లిథియం అయాన్ సెల్ 300 నుంచి 500 ఫుల్ ఛార్జ్‌ల తర్వాత కూడా దాదాపు 80 శాతం సామర్థ్యంతో ఉంటుంది. తక్కువలో తక్కువ 300 అనుకున్నా, 26తో భాగిస్తే 11 ఏళ్లు దాటుతుంది. సగం ఉండగా రెండుసార్లు ఛార్జ్ చేస్తే అది రెండు ఫుల్ ఛార్జ్‌ల కింద లెక్కకు రాదు, ఒక్కటే. ఫోన్ రోజుకొక ఛార్జ్ చొప్పున ఏడాది తిరక్కుండానే 300 దాటేస్తుంది. అందుకే ఫోన్ విషయంలో ఛార్జ్‌ల లెక్క పట్టించుకోవాలి. బ్రష్ దగ్గర ఆ లెక్కకు విలువ లేదు.

అయినా పదకొండేళ్లు నడిచే బ్రష్‌లు ఎందుకు అరుదు? వాడినా వాడకపోయినా సెల్‌కు వయసు మీదపడుతుంది కాబట్టి. సెల్ నిండుగా, అంటే 4.2 వోల్టుల దగ్గర ఉన్నంతసేపూ లోపలి ద్రావణం ఎలక్ట్రోడ్ల మీద నెమ్మదిగా చర్య జరుపుతూ ఉంటుంది. పైన పొరలా పేరుకుపోతుంది. ఆ పొరలో చిక్కుకున్న లిథియం ఇక మన పనికి రాదు. వేడి ఎంత ఎక్కువైతే ఇది అంత వేగంగా జరుగుతుంది. పూర్తిగా ఖాళీ అయితే మరో ముప్పు. వోల్టేజి మరీ కిందికి పడిపోయి అక్కడే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా ఆ సెల్‌ను నమ్మలేం.

3. మొదటి ఛార్జ్

కొత్త బ్రష్‌ను పెట్టెలోంచి తీసిన రోజు వాడాలని ఎంత ఉబలాటంగా ఉన్నా, మాన్యువల్‌లో రాసినన్ని గంటలు స్టాండు మీద ఉంచండి. గోదాములో ఎన్నాళ్లు ఉందో తెలియదు, ఆ సమయంలో ఛార్జ్ కొంత కారిపోయి ఉంటుంది. నికెల్ రకమైతే రెండు మూడు సార్లు నిండి ఖాళీ అయితే గానీ పూర్తి సత్తా చూపించదు. పెట్టిన వెంటనే లైటు రాలేదని కంగారు పడకండి, బాగా ఖాళీగా ఉన్న బ్రష్‌లో లైటు వెలగడానికే అరగంట దాకా పట్టొచ్చు.

నిండిన రోజు తేదీ ఒక చిన్న టేపు ముక్క మీద రాసి స్టాండుకు అంటించండి. ఛార్జ్ ఎన్ని రోజులు వచ్చిందో కూడా ఆ పక్కనే రాయండి. ఇప్పుడు ఇదంతా అతిగా అనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత "ఇది మునుపటంత రావట్లేదా, నా భ్రమా?" అనే ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పేది ఆ టేపే.

4. రోజువారీ అలవాటు

లిథియం అయితే: ఛార్జ్ తక్కువైందని లైటు చెప్పినప్పుడు, లేదా వారానికో రెండు వారాలకో ఒక రోజు అనుకుని, స్టాండు మీద పెట్టండి. నిండాక తీసి పక్కన పెట్టండి. నేను ఆదివారం పొద్దున బ్రష్ చేశాక పెడతాను, రాత్రి తీస్తాను. తీయడం మరిచిపోతే కొంపేం మునగదు, నిండాక లోపలి సర్క్యూటే కరెంటు ఆపేస్తుంది. కానీ ఏడాది పొడవునా స్టాండు మీదే ఉండే బ్రష్ ఎప్పుడూ 100 శాతం దగ్గర, ఎప్పుడూ కాస్త గోరువెచ్చగా ఉంటుంది. వయసు త్వరగా పైబడేది సరిగ్గా ఆ స్థితిలోనే. ఇక దానంతట అది ఆగిపోయేదాకా లాగడం అనవసరం. ఒకవేళ ఆగిపోతే ఆ రోజే ఛార్జింగ్ పెట్టండి, అలా వదిలేసి ఊరికి వెళ్లకండి.

నికెల్ మెటల్ హైడ్రైడ్ అయితే: ఈ రకం బ్రష్‌లకు ఎప్పుడూ స్టాండు మీదే ఉంచుకోవచ్చని మాన్యువల్‌లో ఉంటుంది. అది అబద్ధం కాదు, వచ్చే కరెంటు చాలా సన్నగా ఉంటుంది గనక ప్రమాదమేమీ లేదు. అయితే సెల్ నిండాక కూడా వచ్చే కరెంటు ఎక్కడికి పోతుంది? వేడిగా మారుతుంది. కాబట్టి వేగం తగ్గినట్టు అనిపించిన రోజు రాత్రి పెట్టి, మాన్యువల్ చెప్పిన గంటలు పూర్తయ్యాక తీసేయడం మేలు. ఆరు నెలలకోసారి మాత్రం స్టాండు ప్లగ్ తీసేసి, మామూలుగా పళ్లు తోముకుంటూనే బ్రష్ బాగా నెమ్మదించే దాకా వాడి, అప్పుడు పూర్తిగా నింపండి. ఇలా చేయమని కొన్ని మాన్యువల్స్‌లోనే ఉంటుంది. ఖాళీ చేయాలని చేత్తో పట్టుకుని గంటసేపు ఊరికే తిప్పకండి. లిథియం బ్రష్‌కు ఈ తంతు చేయాల్సిన పని లేదు.

ఒకే హ్యాండిల్‌ను ఇంట్లో ఇద్దరు హెడ్‌లు మార్చుకుని వాడుతుంటే రెండు వారాలు కాస్తా వారమవుతుంది. అది బ్యాటరీ లోపం కాదు.

5. స్టాండు ఎక్కడ, ఎలా

స్టాండుకూ బ్రష్‌కూ మధ్య ఇనుప ముక్క తగలదు, గమనించారా? స్టాండు పుల్లలో ఒక తీగచుట్ట, బ్రష్ అడుగున మరో తీగచుట్ట ఉంటాయి. ఒకదానిలో మారుతూ పోయే అయస్కాంత క్షేత్రం రెండోదానిలో కరెంటు పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. తడి చేతులు తగిలే చోట బయటికి లోహం కనబడకుండా ఉండాలంటే ఇదే సుళువైన దారి. ఇందులో కొంత శక్తి వేడిగా పోతుంది, అందుకే స్టాండు పట్టుకుంటే గోరువెచ్చగా తగులుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయండి.

ఎండ పడే కిటికీ అంచు మీద, గీజరు పక్కన స్టాండు పెట్టకండి. మామూలు గది వాతావరణంలో, 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఛార్జ్ చేయడం మంచిది. నీళ్లు గడ్డకట్టేంత చలిలో లిథియం సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. స్టాండు మీద నాణేలు, బ్లేడ్లు, పిన్నులు వదలకండి, ఆ క్షేత్రానికి అవీ వేడెక్కుతాయి.

వేరే దేశం నుంచి తెచ్చిన స్టాండైతే అడుగున రాసిన వోల్టేజి చదవకుండా ప్లగ్ పెట్టొద్దు. 100–240 అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. 100–130 అని మాత్రమే ఉన్నదాన్ని 230 వోల్టుల సాకెట్‌లో పెడితే స్టాండు అక్కడికక్కడే కాలిపోవచ్చు.

యూఎస్‌బీ రంధ్రం ఉన్న బ్రష్‌లకు 5 వోల్టుల మామూలు అడాప్టర్ చాలు. కొన్ని చవక మోడళ్లు రెండువైపులా టైప్ సీ ఉన్న కేబుల్‌తో అసలు ఛార్జ్ అవవు. బ్రష్ చెడిందనుకునేలోపు, ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో ఒకసారి చూడండి. రంధ్రం లోపల తడి లేకుండా ఆరాకే కేబుల్ పెట్టాలి, మూత పెట్టడం మరవకూడదు.

6. తడి: అసలు శత్రువు

ఇప్పుడు మీ బ్రష్ హెడ్ లాగి చూడండి. లోహపు కడ్డీ హ్యాండిల్‌లోకి దిగే చోట బూడిద రంగులోనో, నల్లగానో ఒక జిగట వలయం ఉందా? పేస్టు, ఉమ్ము, నీళ్లు కలిసి హెడ్ లోపలి నుంచి జారి చేరేది అక్కడికే. బ్రష్‌ను నిలబెట్టే ఉంచుతాం కాబట్టి రాత్రంతా ఆ చుక్క కడ్డీ వెంట కిందికే దిగుతుంది. దాన్ని ఆపేది కడ్డీ చుట్టూ ఉన్న సన్నని రబ్బరు సీల్ ఒక్కటే. పేస్టులో పళ్లు రుద్దడానికి వేసే సిలికా, కాల్షియం కార్బొనేట్ లాంటి గరుకు పొడులు ఉంటాయి. కడ్డీ నిమిషానికి వేలసార్లు అదురుతుంటే ఆ పొడి రబ్బరును కొద్దికొద్దిగా అరగదీస్తుంది. ఆ తర్వాత కథ నా రేకు కథే.

కాబట్టి బ్రష్ చేసిన ప్రతిసారీ ఇలా చేయండి. ముందు హెడ్ తీయకుండానే, నడుస్తుండగా నీళ్ల కింద ఐదారు సెకన్లు పట్టండి. ఆపి హెడ్ లాగేయండి. హెడ్ లోపలి గొట్టంలోకి నీళ్లు పోసి విదిలించండి. కడ్డీ చుట్టూ వేలితో రుద్ది కడిగి, గుడ్డతో తుడవండి. అడుగున ఉన్న గుంటనూ తుడవండి, అక్కడ నిలిచిన నీళ్లే స్టాండు మీద మురికి పేరుస్తాయి. హెడ్‌ను హ్యాండిల్‌కు తగిలించకుండా పక్కన నిలబెట్టండి. అంతా కలిపి అరనిమిషం పని. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క సలహా గుర్తుంచుకోవాలంటే ఈ పేరా గుర్తుంచుకోమంటాను.

ఐపీఎక్స్ 7 అని రాసి ఉంది కదా, ఇక భయమేమిటి అంటారా? మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా హాని జరగకూడదనేది ఆ పరీక్ష. అది కొత్త బ్రష్‌కు, నిలకడగా ఉన్న మామూలు నీళ్లలో పెట్టే పరీక్ష. నాలుగేళ్లు పేస్టుతో అరిగిన సీల్ గురించి అది ఏమీ చెప్పదు. క్రిములు చావాలని హ్యాండిల్‌ను మరిగే నీళ్లలో ముంచేవాళ్లను చూశాను. సీల్, బ్యాటరీ రెండూ ఒకేసారి దెబ్బతింటాయి.

7. వాడేటప్పుడు

గట్టిగా నొక్కితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. శబ్దం మారుతుంది, చెవికే తెలిసిపోతుంది. నొక్కుడు తగ్గిస్తే చిగుళ్లకూ మంచిదే. బ్లూటూత్ ఉన్న బ్రష్‌లో ఆ యాప్ మీరు చూడనే చూడకపోతే ఆపేయండి.

8. ప్రయాణాలు, ఎక్కువ రోజుల విరామం

బ్యాగులో బట్టల మధ్య బటన్ నొక్కుకుపోయి, గంటల తరబడి తిరిగి తిరిగి ఖాళీ అవడం ప్రయాణాల్లో మామూలే. చాలా మోడళ్లలో ట్రావెల్ లాక్ ఉంటుంది, ఎలా వేయాలో మాన్యువల్‌లో చూసుకోండి. అది లేకపోతే బటన్ వైపు గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బ్రష్‌ను తడిగానే డబ్బాలో మూయకండి. విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. అక్కడ లిథియంకు మామూలు పరిమితి 100 వాట్ అవర్లు. బ్రష్‌లో 800 ఎంఏహెచ్ (అంటే 0.8 ఆంపియర్ అవర్ల) సెల్ ఉన్నా 3.7 వోల్టులతో హెచ్చిస్తే దాదాపు 3 వాట్ అవర్లే.

రెండు నెలలు వాడనప్పుడు సుమారు సగం ఛార్జ్‌తో, చల్లని పొడి చోట, స్టాండుకు దూరంగా ఉంచండి. లిథియం నెలకు కొద్ది శాతమే కోల్పోతుంది. పాత రకం నికెల్ సెల్ నెలలోనే ఐదో వంతు కోల్పోవచ్చు, కాబట్టి దాన్ని కాస్త ముందుగానే ఛార్జింగ్ పెట్టి పలకరించాలి.

9. ఆగిపోయిందా? బ్యాటరీని అనే ముందు

స్టాండు సంగతి ముందు తేల్చండి. వేరే సాకెట్‌లో పెట్టి చూడండి. బ్రష్‌ను గంటసేపు దాని మీద ఉంచి తాకండి, ఏ మాత్రం వెచ్చదనం లేకపోతే అనుమానం స్టాండు మీదే. అదే మోడల్ బ్రష్ ఇంకొకటి ఇంట్లో ఉంటే పని ఇంకా తేలిక. స్టాండు బాగుంటే పూర్తిగా 24 గంటలు దాని మీదే వదిలేయండి, మధ్యలో తీసి చూడకుండా.

ఆ తర్వాత నడిచింది, కానీ టేపు మీద రాసిన రోజుల్లో సగం కూడా రావట్లేదు అంటే, అది బ్యాటరీ వయసే. దానంతట అదే మోగుతోంది, బటన్ నొక్కినా ఆగట్లేదు అంటే, స్విచ్ దగ్గరికి నీళ్లు చేరాయి. బ్యాటరీకి దానితో సంబంధం లేదు. గ్యారంటీ ఉంటే విప్పకుండా పట్టుకెళ్లండి.

బ్యాటరీ మార్చుకోవచ్చా? మార్చేవాళ్లు ఉన్నారు, కానీ చాలా బ్రష్‌లలో సెల్‌ను టంకంతో అతికించి ఉంటారు, విప్పితే సీల్ మళ్లీ మునుపటిలా కూర్చోదు. లిథియం సెల్‌కు స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే మంట రేగొచ్చు. టంకం పని చేతికి అలవాటు లేనివాళ్లను నేను ప్రోత్సహించను. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునే వీలుండాలి. సంతోషించేలోపే ఒక మినహాయింపు: ప్రధానంగా నీళ్లు తగిలే చోట వాడటానికి చేసి, కడుక్కునే వీలున్న పరికరాల్లో నిపుణులు మార్చగలిగితే చాలు. మన బ్రష్‌లు ఆ సందులోంచి జారుకునేలా ఉన్నాయి.

ఇక పనికిరాదని తేలాక మామూలు చెత్తలో వేయకండి. చెత్త బండిలో నలిగిన లిథియం సెల్ బండినే తగలబెట్టగలదు. ఈ-వేస్ట్ తీసుకునే చోట బ్రష్‌ను యథాతథంగా ఇచ్చేయండి. సెల్ విడిగా తీసి ఉంటే రెండు కొసలకూ టేపు అంటించి ఇవ్వండి. నా పాత సెల్ టేపు చుట్టుకుని ఇంకా సొరుగులోనే ఉంది, ఈసారి అటువైపు వెళ్లినప్పుడు ఇచ్చి రావాలి.